విశ్రాంతి నెరుగని కాళ్ళు

పగలంతా పనిచేసిన మనిషి రాత్రి పడక చేరి, కాళ్ళు చాచి సుఖంగా నిద్రపోవటం సహజం. కాని కొందరికి పడక చేరటంతోనే బాధ మొదలవుతుంది. పిక్కల లోపల పురుగులు ప్రాకుతున్నట్లు, ఏదో గుంజుతున్నట్లు ఉంటుంది. కాలు కదపకుండా ఉండలేరు. లేచి నాలుగడుగులు వేస్తే బాధ తగ్గుతుంది. పడుకోగానే మళ్ళీ వస్తుంది. చర్మం మీద మచ్చ ఉండదు, వాపు ఉండదు. పగటిపూట వైద్యుని వద్దకు వెళ్ళేసరికి తరచు బాధే ఉండదు! పైకి ఏమీ కనిపించని ఇట్టి వ్యాధిలో రోగి మాటే వైద్యునికి ముఖ్యాధారం. ఆ మాటను విన్నప్పుడు వైద్యశాస్త్రం ముందుకు నడిచింది. విననప్పుడు దారి తప్పింది. ఈ వ్యాధి చరిత్ర అంతా ఇదే.

మొదట విన్నవాడు ఇంగ్లండుకు చెందిన థామస్ విల్లిస్ (1621-1675). మెదడు అడుగున ధమనులు కలుసుకొనే చక్రాన్ని నేటికీ విల్లిస్ వలయమనే అంటారు. 1672లో లాటిన్ భాషలో ప్రకటించిన గ్రంథంలో, పడుకోగానే కాళ్ళూ చేతులూ అదిరిపడి, చిత్రహింస ననుభవించే రోగులను గురించి ఆయన వ్రాశాడు. ఒక గొప్పింటి స్త్రీకి దాదాపు మూడు నెలలపాటు నల్లమందుతో చేసిన ఔషధమిచ్చి నిద్ర పట్టించాడు. రక్తంలోను, నరాలలో ఉండే రసంలోను దోషం ఉన్నదని ఆయన ఊహ. ఆనాటి రస సిద్ధాంతం నేడు నిలువలేదు. కాని కారణాన్ని శరీరంలోనే వెతకటం సరియైన మార్గమే.

తరువాతివారు ఆ మార్గం విడిచిపెట్టారు. 1861లో జర్మన్ వైద్యుడు విట్‌మాక్ ఈ బాధకు ‘కాళ్ళ ఆందోళన’ అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టి, దీనిని హిస్టీరియా లక్షణాలలో చేర్చాడు. 1880లో అమెరికన్ వైద్యుడు బియర్డ్ దీనిని నరాల నిస్సత్తువలో ఒక భాగమన్నాడు. ఆ విధంగా, నిద్రలేక బాధపడే రోగి మీద మనోదౌర్బల్యమనే ముద్ర కూడ పడింది.

ఆ ముద్రను చెరిపినవాడు స్వీడన్ దేశపు నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బోమ్ (1907-1977). ఎందరో రోగులు చెప్పినదాన్ని ఓపికగా విని, 1945లో ఒక గ్రంథం ప్రకటించాడు. దీనికి ‘రెస్ట్‌లెస్ లెగ్స్’, అనగా విశ్రాంతి లేని కాళ్ళు, అనే పేరు స్థిరపడింది ఆయన వలననే. ఇది కొన్ని కుటుంబాలలో వంశపారంపర్యంగా వస్తుందనీ, గర్భిణులలోను, రక్తహీనత గలవారిలోను ఎక్కువగా కనిపిస్తుందనీ గుర్తించాడు.

ఈ చివరి మాట ఇనుము వైపు దారి చూపింది. స్వీడన్‌లోనే నోర్డ్‌లాండర్ అనే వైద్యుడు రోగుల రక్తనాళంలోకి ఇనుము ఎక్కించి, చాలామందికి బాధ తగ్గటం గమనించి, 1953లో ప్రకటించాడు. రక్తంలో ఇనుము సరిగానే ఉన్నా, శరీర కణజాలంలో కొరత ఉండవచ్చునని కూడ ఆయన ఊహించాడు.

1982లో టర్కీకి చెందిన అక్‌పినార్, మెదడులో డోపమిన్‌గా మారే లెవోడోపా అనే మందు ఈ వ్యాధిలో పనిచేస్తుందని చూపాడు. డోపమిన్‌ను తయారుచేసే ఎంజైముకు ఇనుము అవసరం. 2001లో అమెరికన్ పరిశోధకులు ఎం.ఆర్.ఐ. యంత్రంతో రోగుల మెదడును పరీక్షించగా, డోపమిన్ కణాలుండే నల్లని ప్రదేశంలో ఇనుము తక్కువగా కనిపించింది. నోర్డ్‌లాండర్ ఊహకు సుమారు అర్ధ శతాబ్దం తరువాత బలం చేకూరింది.

డోపమిన్ మందులు మొదట అద్భుతంగా పనిచేశాయి. కాని కొంతకాలానికి కొందరు రోగులు మరొక సంగతి చెప్పసాగారు: రాత్రి వచ్చే బాధ సాయంత్రానికే వస్తున్నది, చేతులకు కూడ ప్రాకుతున్నది. మందే వ్యాధిని ముదిరిస్తున్నదని 1996లో వెల్లడయింది. అందువల్ల 2025లో అమెరికన్ నిద్రావైద్య సంఘం ఆ మందులను మామూలుగా వాడవద్దని సూచించి, గాబాపెంటిన్ వంటి మందులకు, తగినవారికి ఇనుము చికిత్సకు ప్రాధాన్యమిచ్చింది.

మనకు ఈ చరిత్రతో దగ్గర సంబంధమే ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత కనిపించింది. మన యిండ్లలో ‘కాళ్ళు పీకుతున్నాయి’ అనే మాట నిత్యం వినేదే. అలసటవల్ల వచ్చే పీకుడు విశ్రాంతితో పోతుంది. ఈ వ్యాధి విశ్రాంతితోనే వస్తుంది. ఈ భేదం గ్రహించి వైద్యునికి చెప్పాలి.

హిమోగ్లోబిన్ సరిగా ఉన్నంత మాత్రాన ఇనుము చాలినంత ఉన్నట్లు కాదు. ఫెర్రిటిన్ పరీక్ష అవసరం. పెద్దవారిలో అది లీటరుకు 75 మైక్రోగ్రాములు, లేక అంతకు తక్కువ ఉంటే ఇనుము ఇవ్వటం ఆలోచించదగినది. కాని పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మ్రింగరాదు. ఎక్కువైన ఇనుము కాలేయానికి, గుండెకు హాని చేస్తుంది. సాయంత్రం కాఫీ, మద్యం మానటం, పడుకొనే ముందు కొంచెం నడవటం, పిక్కలు మర్దించటం, వేడినీటి కాపడం పెట్టటం కొందరికి ఉపశమనమిస్తాయి. కొన్ని జలుబు, అలర్జీ మందులు, కొన్ని మనోవ్యాధుల మందులు ఈ బాధను పెంచవచ్చును. కనుక వాడే మందులన్నీ వైద్యునికి చెప్పాలి. అయితే వాటిని తమంత తాము మానరాదు.

రాత్రి లేచి గదిలో పచార్లు చేసే తల్లిని గాని, తాతను గాని ‘అంతా మనోభ్రమ’ అని తోసివేయటం, 19వ శతాబ్దపు పొరపాటును తిరిగి చేయటమే అవుతుంది.