కదలని మొన

లేత్ పని నేర్చుకునేవాళ్లకు, కడ్డీ వెనక కొసను మొనతో ఆనించే టెయిల్‌స్టాక్ గురించి కొన్ని మాటలు తప్పకుండా చెబుతారు. దాని మొనను, అంటే సెంటర్‌ను, మరీ బిగించొద్దు, గ్రీజు మరవొద్దు, పొడుగు కడ్డీని ముందు కొసను పట్టే ఒక్క చక్‌కే వదిలేయొద్దు, క్లాంపు బిగించకుండా మోటారు వేయొద్దు. ఇవి మోటార్లతో పాటే వచ్చిన నిబంధనల్లా కనిపిస్తాయి. కానీ లేత్ చరిత్ర చూస్తే, జాబ్‌ను, అంటే లేత్ మీద చెక్కే ముక్కను, తిప్పే బలం మనిషి చేతినీ కాలినీ దాటిపోతున్న కొద్దీ ఈ జాగ్రత్తల బరువు పెరుగుతూ వచ్చిందని తెలుస్తుంది.

ఈజిప్టులో పెటోసిరిస్ సమాధి గోడ మీద, సుమారు క్రీ.పూ. 300 నాటి చెక్కడంలో, ఒకడు తాడు లాగి కర్రను తిప్పుతుంటే ఇంకొకడు ఉలి పట్టుకుని ఉంటాడు. మధ్యయుగపు యూరప్‌లో ఆ తాడును కింద కాలిమీటకూ పైన వంగే గెడకూ కట్టారు. మన పాత మాటలో తరిమెన అంటే ఈ జాతి యంత్రమే. ఏటికొప్పాకలో అంకుడు కర్ర లక్కబొమ్మ అయ్యేదీ ఈ విద్యతోనే. గెడ తరిమెనలో రెండు మొనలూ కదలవు, వాటి నడుమ కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిరుగుతుంది. ఉలి కోసేది ముందుకు తిరిగినప్పుడే. ఉలి ఎక్కడైనా పట్టేస్తే కాలు దానంతటదే ఆగుతుంది. అంటే పనివాడి ఒంట్లోనే బ్రేకు ఉండేది.

ఆగకుండా తిరిగే చక్రం, ఆవిరి యంత్రం వచ్చాక తల వైపు మొన జాబ్‌తో పాటు తిరగసాగింది, తోక వైపుది, అంటే టెయిల్‌స్టాక్‌ది మాత్రం కదలకుండా మిగిలింది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే లేత్ పనిముట్టును కూడా చేతి నుంచి తీసి స్లైడ్ మీద కూర్చోబెట్టింది. 1900 పారిస్ ప్రదర్శనలో టేలర్, వైట్ అనే ఇద్దరు రూపొందించిన హైస్పీడ్ ఉక్కు పనిముట్టు ఎర్రగా కాలినా కోస్తూనే ఉండి చూపరులను నివ్వెరపరచింది. వేగంతో పాటు వేడీ పెరిగింది. అర మీటరు ఉక్కు కడ్డీ 50 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 0.3 మిల్లీమీటర్లు సాగుతుంది. రెండు వైపులా బిగించి ఉంటే ఆ సాగుడుకు చోటుండదు. కడ్డీ వంగుతుంది, లేదా కదలని మొన రాపిడికి నీలంగా కాలి కడ్డీకి ఆధారం పోతుంది. అందుకే పాత టర్నర్లు కొవ్వులో కలిపిన తెల్ల సీసపు పొడిని మొనకు పూసేవారు. ఆ పూతా విషమే. మధ్యమధ్య లేత్ ఆపి, చేతిచక్రాన్ని వెంట్రుకవాసి వెనక్కి తిప్పి, మళ్లీ ఆనించేవారు.

బేరింగులున్న తిరిగే సెంటర్ వచ్చాక ఈ బాధ తీరలేదా అని అడగవచ్చు. రాపిడి తీరింది, సాగుడు తీరలేదు. ఆ ఒత్తిడిని ఇప్పుడు బేరింగు మోస్తుంది, అంతే. అసలు టెయిల్‌స్టాకే లేకపోతే ఏ గొడవా ఉండదనే వాదన కూడా నిలవదు. ఒక్క చక్‌లో పట్టిన కడ్డీ బయటి పొడుగు రెట్టింపైతే, అదే బలానికి కొస ఎనిమిది రెట్లు వంగుతుంది. అందుకే వ్యాసానికి మూడు నాలుగు రెట్లు దాటితే వెనక ఆధారం పెట్టమంటారు. పాత తరిమెన పదిలమైనదని మురిసిపోనూ అక్కర్లేదు. దాని బలం తక్కువ కాబట్టే దెబ్బా చిన్నది. కంప్యూటర్ నడిపే నేటి సీఎన్‌సీ లేత్‌లలో చాలావాటికి టెయిల్‌స్టాక్‌ను హైడ్రాలిక్ ఒత్తిడి నెడుతుంది. ఎక్కువైతే సన్నని కడ్డీ వంగుతుంది, తక్కువైతే జాబ్ ఎగిరిపోతుంది. ఆ పాత టర్నర్ అరచేతితో చూసుకున్న బిగువునే నేటి ఆపరేటర్ గేజి ముల్లులో చూసుకుంటున్నాడు.