శాంతి హోటల్ మేడ మీద

డిసెంబరు 12 వియత్నాం వాళ్లకు ఫో అనే నూడుల్స్ సూపు దినం. ‘తువోయ్ చే’ అనే అక్కడి దినపత్రిక 2017లో ఈ ముచ్చట మొదలుపెట్టింది. ఆ వంకన ఓ వ్యాసం రాసివ్వమన్నారు. వండకుండా రాయడమేమిటని పౌరుషానికి పోయి, ఇస్త్రీ చొక్కాతోనే వంటింట్లోకి దూరాను. “ఆ తెల్లచొక్కా మార్చుకోండి ముందు” అని మా ఆవిడ అననే అంది. కోడి ఎముకలు ఓ పొంగు రానిచ్చి, నురగ కట్టిన ఆ మొదటి నీళ్లు పారబోయాలి. గిన్నె వంచానో లేదో ఎముకలన్నీ ఒక్కసారిగా జారి సింకులో పడ్డాయి. పొట్ట మీద జిడ్డు మరకలు. ఫో చరిత్ర నాకు అక్కడ మొదలైంది.

మనం ఫో అని రాసేస్తాం గానీ, హనోయి వాళ్ల నోట అది ‘ఫ’కు దగ్గరగా, ఏదో అడుగుతున్నట్టు వంగి లేస్తుంది. ఆ అక్షరం నెత్తినుండే గుర్తు చుక్కలేని ప్రశ్నార్థకంలా ఉంటుంది. ఆ స్వరం పేరుకు అర్థం కూడా ‘అడగడం’ అనే.

చైనా ఏలుబడి వెయ్యేళ్లు, ఆపైన సొంత రాజవంశాలు. ఇన్ని శతాబ్దాల్లోనూ ఫో ఊసు లేదు. వియత్నాం రైతుకు పశువంటే దుక్కి దున్నేది. గొడ్డుమాంసం మీద మోజు ఆ తర్వాత ఏలిన ఫ్రెంచివాళ్లది. వాళ్లు కండ తినగా మిగిలిన ఎముకలు కాగులోకి చేరాయి. 20వ శతాబ్దం తొలినాళ్లకు నామ్ దిన్, హనోయి వీధుల్లో కావడి బద్దకు ఓ వైపు పొయ్యి, కాగు, రెండో వైపు గిన్నెలు, బియ్యప్పిండి నూడుల్స్ వేలాడదీసుకుని అమ్మేవాళ్లు తిరిగేవారు. పేరు ఫ్రెంచి ‘ఫ’ (నిప్పు) నుంచి వచ్చిందని కొందరు, చైనీయుల నూడుల్స్ పేరు నుంచని కొందరు ఇప్పటికీ తగువాడుకుంటారు. 1954లో దేశం రెండు ముక్కలయ్యాక ఉత్తరాది నుంచి లక్షలాది మంది దక్షిణాదికి తరలిపోయారు. వాళ్లతో పాటు ఫో సైగాన్ చేరి పెసర మొలకలు, తులసిజాతి ఆకులు, తియ్యటి సాసు కలుపుకుంది. ఛాందసులైన హనోయి వాళ్లు ఆ గిన్నె చూసి ఇప్పటికీ మొహం చిట్లిస్తారు.

ఇక నాకు ప్రాణమైన కథ. సైగాన్‌లో యెన్ దో వీధి, 7వ నంబరు ఇల్లు. కింద ఫో హోటల్. పేరు ‘ఫో బిన్’. బిన్ అంటే శాంతి. యజమాని న్గో త్వాయ్ ఉత్తరాది నుంచి వచ్చినవాడే. యుద్ధం రోజుల్లో కింద బల్లల దగ్గర అమెరికా సైనికులు కూర్చుని సూపు జుర్రుకునేవారు. మేడ మీద వాళ్లతో పోరాడే వియత్ కాంగ్ గెరిల్లాల రహస్య దళం ఎఫ్-100 మకాం. 1968 టెట్ (వియత్నాం కొత్త సంవత్సరం) పండుగ దాడులకు సైగాన్‌లో పథకం వేసింది ఆ మేడ మీదే. దాడికి ఆజ్ఞ వెళ్లింది కూడా అక్కణ్నుంచే. జనవరి 31 తెల్లవారకముందే అమెరికా రాయబార కార్యాలయం మీద, అధ్యక్ష భవనం మీద, రేడియో స్టేషన్ మీద తుపాకులు పేలాయి. ఒకే కాగులోంచి గరిటెడు సూపు కిందికి, గరిటెడు పైకి. అనాసపువ్వు, దాల్చినచెక్క, కాల్చిన అల్లం వాసన మెట్లెక్కి పోతుంటే పైన నగరం పటం పరుచుకుని కూర్చున్నవాళ్ల ఆకలి ఎలా ఉండి ఉంటుందో! దాడుల తర్వాత యజమాని అరెస్టయ్యాడు, కానీ హోటల్ మిగిలింది. వీధి పేరు మారి లీ చిన్ థాంగ్ అయింది. మేడగదిని గుర్తుగా ఉంచారు. కింద ఇప్పటికీ ఫో అమ్ముతారు.

ఆ తర్వాత కథ చెల్లాచెదురే. రేషన్ కాలపు హనోయిలో మాంసం ముక్కే లేని ఫోకి, పైన తిరిగే పైలట్ లేని అమెరికా నిఘా విమానాల్ని చూసి ‘పైలట్ లేని ఫో’ అని పేరెట్టారు. ఆకలిలోనూ ఆ వెటకారం నాకు మహా ఇష్టం. 1975 తర్వాత ఫో కాందిశీకుల వెంట కాలిఫోర్నియా, టెక్సస్ చేరింది. 2000లో క్లింటన్ సైగాన్ వెళ్లి ఓ గిన్నె తిన్నాడు. 2024లో హనోయి ఫో, నామ్ దిన్ ఫో జాతీయ వారసత్వ జాబితాకెక్కాయి. ఇప్పుడు వేడినీళ్లు పోస్తే చాలు, కప్పులో కూడా దొరుకుతుంది. దాని గురించి నేను మాట్లాడను.

రెండో ఆదివారం పాత బనీను, నడుముకు తువ్వాలు. ఈసారి ఎముకల్ని ముందు చిల్లుల గరిటెతో తీసి, తర్వాతే నీళ్లు వంచాను. సూపు గిన్నెలో ఎత్తునుంచి కాకుండా అంచుకు ఆనించి పోశాను. తినేటప్పుడు గిన్నె మీదికి వంగి, ఎడమచేత చెంచా పట్టి, నూడుల్స్ నాలుగేసి పోగులే ఎత్తితే తోక కొట్టవు. మొలకలు గుప్పెడు వేసుకున్నాను, హనోయి వాళ్లు క్షమించాలి. మా ఆవిడ ఎదురుగా కూర్చుని, ఫిష్ సాస్ కంపని ముక్కు మూసుకుంటూనే రెండో గిన్నె వడ్డించుకుంది. నా బనీను మీద మరక లేదు. ఆవిడ చీర సంగతి రాయొద్దంది.