ఎండుపుల్ల ఎవరిది?

మార్క్సు అర్థశాస్త్రం వైపు ఎలా మళ్ళాడని అడిగితే మన విద్యార్థుల్లో చాలామంది ఇంగ్లండు బట్టల మిల్లుల మాట చెబుతారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కాని 1859లో రాసిన పీఠికలో ఆయన చెప్పుకున్నది వేరు. భౌతిక ప్రయోజనాలను గురించి మాట్లాడవలసివచ్చి తాను మొదట ఇరుకున పడ్డ సందర్భాల్లో కట్టెల దొంగతనంపై జరిగిన చర్చను ఆయన ముందు పేర్కొన్నాడు. కనుక ఆ దారి మిల్లు దగ్గర కాదు, చలికాలంలో పేదవాని ఇల్లు వెచ్చబెట్టే ఎండుపుల్ల దగ్గర మొదలయింది.

రైను రాష్ట్రంలో చలి మన పల్లెల్లో నెగడు వేసుకుంటే తీరిపోయే చలి కాదు. మంచు కురిసే నెలల్లో నిప్పు లేని ఇంట్లో పసివాళ్ళూ ముసలివాళ్ళూ నిలవడం కష్టం. ఆ నిప్పు తరతరాలుగా పేదలకు డబ్బు లేకుండానే దొరికేది. పచ్చని చెట్టును నరకకూడదు. రాలిన పుల్లలు ఏరుకోవచ్చు. ఇది ఏ కాగితం మీదా లేని హక్కు, అయినా ఊరందరికీ తెలిసిన హక్కు.

19వ శతాబ్దంలో అడవి సరుకయింది. ఇనుప కొలుములకు బొగ్గు కావాలి, పెరుగుతున్న పట్టణాలకు కలప కావాలి. కట్టె ధర పెరిగింది. ఉమ్మడి అడవులు చాలా చోట్ల ప్రైవేటు ఆస్తులయినాయి. మోసెల్ లోయలో ద్రాక్ష పండించే రైతులు అప్పటికే చితికిపోతున్నారు. అంటే కట్టెలు కొనే శక్తి తగ్గుతున్న రోజుల్లోనే ఏరుకునే హక్కు కూడా పోతున్నదన్నమాట. 1836లో ప్రష్యాలో నడిచిన రెండు లక్షల పైచిలుకు కేసుల్లో సుమారు లక్షన్నర కట్టెల దొంగతనం, ఇతర అటవీ నేరాలవే. ఒక దేశంలో ఇంతమంది దొంగలు తేలారంటే, మారింది జనం బుద్ధి కాదు, దొంగతనం అనే మాటకు అర్థం.

1841లో డ్యూసెల్డార్ఫ్‌లో సమావేశమయిన రైను ప్రతినిధి సభ ఆ కొత్త అర్థాన్ని శాసనం చేయడానికి పూనుకొన్నది. ఆ సభలో చోటు ఆస్తిపరులకే. చెట్టు నరకడమూ రాలిన పుల్ల ఏరడమూ ఒకే నేరమన్నారు. జనం దీన్ని దొంగతనమనుకోరు గనుకనే ఇంతగా చేస్తున్నారు, కాబట్టి గట్టిగా దొంగతనమనే పిలవాలని ఒక సభ్యుడు వాదించాడు. నేరం పట్టుకునేవాడు అడవి యజమాని జీతగాడే. పోయిన కట్టె విలువ కట్టేవాడూ అతడే. నష్టపరిహారం యజమానికి, జరిమానా కూడా యజమానికే. కట్టలేనివాడు పని చేసి తీర్చుకోవాలి. రాలిన పుల్ల అమ్మితే యజమానికి ఎంత వచ్చేదో గాని, దాన్ని ఏరిన పేదవాని మీద అంతకు మించి రాబట్టే ఏర్పాటిది.

1842 అక్టోబరు, నవంబరు నెలల్లో కొలోన్ పట్టణపు ‘రైనిషె సైటుంగ్’ పత్రికలో ఇరవైనాలుగేళ్ళ మార్క్సు ఈ చర్చను వరస వ్యాసాల్లో చీల్చి చూపాడు. రాలిన పుల్ల చెట్టుతో సంబంధం తెంచుకున్నదే. పాము విడిచిన కుబుసం పాముది కానట్టే అదీ చెట్టుది కాదని ఆయన వాదం. అయితే ఈ వ్యాసాల్లో ‘కాపిటల్’ రచయితను వెతకడం పొరపాటు. అప్పటి మార్క్సు ఇంకా రాజ్యానికి ధర్మం గుర్తు చేస్తున్నాడు. ఆస్తిపరుల స్వార్థానికి అది లొంగడం రాజ్యానికే అవమానమంటున్నాడు. ఎందుకు లొంగిందన్న ప్రశ్నకు న్యాయశాస్త్రంలో జవాబు లేదు. ఆ లోటే ఆయనను ముందుకు నడిపింది. 1843లో ప్రభుత్వం ఆ పత్రికను మూయించింది.

ఈ కథకు మనతో ఒక సూటి సంబంధం వుంది. ఆ రైను రాష్ట్రంలోనే, బాన్ పట్టణంలో 1824లో పుట్టిన డీట్రిచ్ బ్రాండిస్, 1864లో ఇండియాలో మొదటి అడవుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అయినాడు. గ్రామాలకు వేరే అడవులు కేటాయించాలని ఆయన వాదించిన మాట నిజమే. దాన్ని మరచిపోవడం అన్యాయం. కాని అమలులో నిలిచింది రిజర్వు అడవి, గార్డు, జరిమానా. 1882 మద్రాసు అటవీ చట్టంతో తెలుగు పల్లెల్లో వంటచెరకు ఏరడమూ, పశువులను మేపడమూ సర్కారు దయాధర్మమయినాయి. 1921లో పల్నాడు రైతులు పుల్లరి కట్టబోమన్నారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు బలి అయినాడు. ఆ రైతులు మార్క్సు వ్యాసాలు చదివి తిరగబడలేదు. నిన్నటి హక్కు నేడు నేరమయిందని కళ్ళతో చూసి తిరగబడ్డారు.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల జాబితాలో వెదురుతో పాటు చిట్టడవి పొదలనూ మొద్దులనూ చేర్చి, వాటిపై ఆదివాసులకూ తరతరాలుగా అడవిలో బతికేవారికీ హక్కు వుందన్నది. మద్రాసు చట్టానికీ దీనికీ మధ్య 124 సంవత్సరాలు. ఈ హక్కు ఎవరో దయతలచి ఇచ్చినది కాదు, పోయిన దానిలో తిరిగి వచ్చిన భాగం.

కట్టెలు ప్రియమయినాయంటే అడవి తరిగిందనో జనం పెరిగారనో సులువుగా చెబుతాం. ఆ కారణాలు లేవని నేననను. కాని పేదవాని పొయ్యిలో పుల్లకు ధర పడిన చోటల్లా మొదట వేయవలసిన ప్రశ్న మరొకటి వుంది: నిన్నటి దాకా ధర లేని ఈ పుల్ల ఎప్పటినుంచి, ఏ శాసనంతో, ఎవరి ఆస్తి అయింది? చరిత్ర చదివేవారు ఆ తేదీని వెతకాలి.