మూడు ముక్కలకు కేసు, పదమూడు ముక్కలకు క్లబ్బు

మిత్రులారా, సంక్రాంతి దగ్గరపడితే మన మెట్టలో అందరి నోటా ఒకటే ప్రశ్న: "ఈసారి బరులు ఎన్ని రోజులు వదులుతారంట?" వదిలేది ఎవరు? ఏ కాయితం మీద వదులుతున్నారు? జగ్గయ్యపేట మున్సిపాలిటీ తీర్మానం చేసిందా? నందిగామలో లైసెన్సు ఇచ్చారా? ఏ ఊరి గ్రామసభనైనా అడిగారా? ఏదీ లేదు. ఆ "వదలడం" వెనక ఉన్న చరిత్రే ఈ భాగం.

నందిగామ, జగ్గయ్యపేట మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు మనకు 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం. కంచికచర్ల దాటి పరిటాల వెళ్తే అది నిజాం ఇలాకా. హైదరాబాద్ రాజ్యానికి 1305 ఫసలీ నాటి జూద చట్టం వేరే ఉంది. 1956లో రాష్ట్రం ఒకటైనా చట్టాలు రెండూ అలాగే నడిచాయి. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చాకే ఒకటయ్యాయి.

ఆ చట్టంలో ఆట ఎన్నింటికి మొదలవ్వాలి, ఎన్నింటికి మూయాలి అనే లెక్క లేదు. నిషేధించినదానికి టైము పెట్టరు కదా. రాజ్యాంగంలో జూదం రాష్ట్ర జాబితా 34వ అంశం. పంచాయతీలకు ఇవ్వదగినవని 11వ షెడ్యూల్లో రాసిన 29 విషయాల్లో జూదం లేదు. కాబట్టి సర్పంచి "రాత్రి పదికి మూసేయండి" అంటే ఆ మాటకు ఈ చట్టంలో బలం లేదు.

ఇంగ్లండులో కథ వేరు. అక్కడ 2005 చట్టం ప్రకారం జూదశాలలకు లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిలే. పందెం షాపులు రాత్రి 10 నుంచి పొద్దున 7 దాకా మూసి ఉండాలి. ఆ గంటలు కాయితం మీద ఉన్నాయి కాబట్టి దాటితే ఎవరైనా నిలదీయొచ్చు. మన దగ్గర గంటలు స్టేషన్‌కూ నాయకుడికీ మధ్య నోటిమాట.

ఇక ఆ చట్టం ఎవరి మీద పడుతుందో చూడండి. తలుపులున్న చోట సోదా చేయాలంటే 5వ సెక్షన్ కింద వారంటు కావాలి. వీధిలో, చెట్టు కింద ఆడితే 9వ సెక్షన్, వారంటు లేకుండానే అరెస్టు. మాలపల్లె, మాదిగపల్లె కుర్రాళ్ళకు క్లబ్బు ఎక్కడిది? వేపచెట్టే క్లబ్బు.

ఆటలోనూ తేడా పెట్టారు. 1963లో సికిందరాబాదులోని ఒక క్లబ్బు మీద పోలీసులు పడ్డారు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో కోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అంది, మూడు ముక్కలాట ఉత్త అదృష్టం అంది. టైము దాటి కూర్చున్న సభ్యుల దగ్గర క్లబ్బు తీసుకునే లేటు ఫీజు కూడా మామూలేనంది, నౌకర్లకూ లైట్లకూ ఖర్చవుతుంది కాబట్టి. ఆటతో క్లబ్బు లాభం తీస్తే మాత్రం నేరం కావచ్చంది. తీర్పులో తర్కం ఉంది, కాదనను. కానీ ఊళ్ళోకి వచ్చేసరికి ఏమైంది? బాబులు అర్ధరాత్రి దాకా కూర్చుంటే లేటు ఫీజు, మనవాడు పట్టపగలు కూర్చుంటే లాకప్పు.

సంక్రాంతికి ఆ తేడా కూడా తిరగబడుతుంది. అప్పుడు ఆరుబయటే ఆట, ఫ్లడ్‌లైట్ల కింద, గరికపాడు చెక్‌పోస్టు దాటి వచ్చిన కార్ల మధ్య. 2016 డిసెంబరులో హైకోర్టు కోడిపందేలు ఆపమని ఆదేశించింది. బరులు ఆగలేదు. బరికి మామిడితోట కావాలి, పందేనికి లక్షలు కావాలి, ఫోనెత్తే నాయకుడు కావాలి. మన పల్లెకు దక్కేది బండ్ల కాపలా. బరి పక్కన గుండాటలో పోయేది మాత్రం మన కూలి డబ్బు. ఆ రాత్రి పొయ్యి వెలగని ఇల్లాలు ఎవరిని అడగాలి? నందిగామ 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. సీటు మనది, తాళంచెవి మనది కాదు.

అందుకే విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నాను. మీ మండలం స్టేషన్‌కు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అయిదేళ్ళలో 9వ సెక్షన్ కేసులు ఎన్ని, జూదగృహం నడిపినవాళ్ళ మీద పెట్టే 3వ సెక్షన్ కేసులు ఎన్ని, ఏ తేదీన, ఏ చోట? సంక్రాంతి మూడు రోజుల లెక్క విడిగా అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. వచ్చిన కాయితాన్ని గ్రామసభలో పైకి చదవండి. నోటిమాటతో నడిచే అధికారానికి రాతంటేనే భయం. బాబాసాహెబ్ మన చేతికి కలం ఇచ్చింది ఇందుకే.

వచ్చే భాగంలో సారా వేలంపాటల సంగతి.

జై భీమ్.