గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పూర్వస్థితి, తదనంతర ముప్పు: ఆక్లండ్ నేషనల్ విమెన్స్ ఆసుపత్రి ఉదంతం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ పూర్వస్థితి కనిపించిన స్త్రీకి తగిన చికిత్స జరగకపోతే ముప్పయి ఏళ్లలో ఏమవుతుంది? ఈ ప్రశ్నకు నేటి వైద్యశాస్త్రం చెప్పే సమాధానం ప్రధానంగా న్యూజీలాండ్‌లోని ఒక ఆసుపత్రి రికార్డుల నుంచి వచ్చింది. మార్గరెట్ మెక్రెడీ, ఆమె సహపరిశోధకులు 2008లో ‘లాన్సెట్ ఆంకాలజీ’ పత్రికలో ప్రకటించిన లెక్క ఇది: కేవలం చిన్న ముక్క తీసి పరీక్షించి వదిలివేసిన 143 మంది స్త్రీలలో 30 ఏళ్ల కాలానికి క్యాన్సర్ సంచిత రేటు 31.3 శాతం. తగిన చికిత్స పొందిన 593 మందిలో అది 0.7 శాతం. మొదటి వర్గంలోనే, రెండేళ్లలోపు వ్యాధి ఇంకా నిలిచి ఉన్నట్లు తేలిన 92 మందిని విడిగా చూస్తే ఆ రేటు 50.3 శాతం.

ఇంత స్పష్టమైన తేడాను చూపే అధ్యయనాన్ని నేడు ఏ దేశంలోనూ నైతికంగా చేపట్టలేరు. ఆ రోజుల్లోనూ దానిని ఎవరూ ఈ రూపంలో చేపట్టలేదు. ఒక వైద్యుడి విశ్వాసం, ఒక సంస్థ మౌనం కలిసి ఆ రెండు వర్గాలను తయారుచేశాయి. ఈ ఉదంతాన్ని సాధారణంగా రోగి సమ్మతికి సంబంధించిన నీతికథగా చెబుతారు. అది నిజమే. అయితే దానిలో కాలానికి సంబంధించిన మరో సమస్య ఉంది. పూర్వస్థితి నుంచి క్యాన్సర్ దాకా శరీరం తీసుకునే వ్యవధికీ, ఆసుపత్రి తన రోగిని గుర్తుంచుకునే వ్యవధికీ పొంతన లేకపోవడమే ఆ సమస్య.

పూర్వస్థితి: వివాదాస్పదమైన భావన

‘కార్సినోమా ఇన్ సిటు’ అనే పేరును ఆల్బర్ట్ బ్రోడర్స్ 1932లో ప్రతిపాదించారు. కణాలు చూడటానికి క్యాన్సర్ కణాల్లాగే ఉంటాయి. కానీ పైపొరను దాటి లోపలికి చొచ్చుకుపోవు. నేడు సి.ఐ.ఎన్.-3 అని వ్యవహరించే దశలో ఇది చేరుతుంది. 1943లో పాపనికొలౌ, ట్రాట్ కణపరీక్షపై గ్రంథం వెలువరించిన తరువాత పాప్ స్మియర్ పరీక్ష వ్యాపించింది. ఏ బాధా లేని, ఆరోగ్యంగా తిరుగుతున్న స్త్రీలలో ఈ మార్పులు పెద్దసంఖ్యలో బయటపడసాగాయి. వీటన్నిటినీ క్యాన్సర్‌కు మొదటిమెట్టుగా భావించాలా, కొన్ని వాటంతట అవే తగ్గిపోతాయా అన్న చర్చ 1950లలో ఐరోపాలో గట్టిగానే సాగింది. డెన్మార్క్‌లో ఓలాఫ్ పీటర్సన్ చికిత్స పొందని స్త్రీలను ఏళ్ల తరబడి పరిశీలించి, వారిలో గణనీయమైన భాగం క్యాన్సర్‌కు లోనైనట్లు 1956 నాటికే ప్రకటించారు. అంటే ఆక్లండ్‌లో ప్రశ్న మొదలయ్యేనాటికే దానికి ఒక జవాబు అచ్చులో ఉంది.

ఆనాటి చికిత్స తేలికైనది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ముఖద్వారాన్ని శంకువు ఆకారంలో కోసి తీసే కోన్ బయాప్సీ చేసేవారు, లేదా గర్భసంచినే తొలగించేవారు. పాతికేళ్ల యువతికి గర్భసంచి తీసివేయడం చిన్న విషయం కాదు. ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ ఆసుపత్రి వైద్యుడు హెర్బర్ట్ గ్రీన్‌కు ఈ అనవసర శస్త్రచికిత్సలపై ఉన్న వ్యతిరేకతను కేవలం మొండితనంగా కొట్టిపారేయడం చరిత్రకు న్యాయం చేయదు. సమస్య ఆయన సందేహంలో లేదు, సందేహాన్ని పరీక్షించిన తీరులో ఉంది.

1966 ప్రతిపాదన

1966 జూన్‌లో గ్రీన్ తన ప్రతిపాదనను ఆసుపత్రి సీనియర్ వైద్యుల సమావేశం ముందుంచారు. 35 ఏళ్లలోపు స్త్రీలలో స్మియర్ అసాధారణంగా ఉన్నా, క్యాన్సర్ చొచ్చుకుపోయిన ఆనవాళ్లు బయటికి కనిపించకపోతే, కోన్ బయాప్సీ చేయకుండా చిన్న ముక్క మాత్రమే తీసి రోగనిర్ధారణ చేయాలి. తరువాత పరిశీలిస్తూ ఉండాలి. ఈ స్థితి క్యాన్సర్‌కు దారితీయదని నిరూపించడమే లక్ష్యమని ఆ సందర్భంలోనే నమోదైంది. సమావేశం ఆమోదించింది. ఒక పరికల్పనను పరీక్షించడానికి బదులు నిరూపించడానికి అధ్యయనం మొదలైతే ఏం జరుగుతుందో తరువాతి పదహారేళ్లు చూపించాయి.

కాల్పోస్కోప్ పరీక్షలు నిర్వహించే బిల్ మెకిండో, పాథాలజిస్ట్ జాక్ మెక్లీన్ ఈ స్త్రీలలో కొందరికి నిజంగానే క్యాన్సర్ వస్తున్నట్లు గమనించారు. ఆసుపత్రి పరిపాలనకు లిఖితపూర్వకంగా తెలియజేశారు. 1975లో ఒక అంతర్గత బృందం విషయాన్ని పరిశీలించినా, పద్ధతి మారలేదు. గ్రీన్ 1982లో పదవీవిరమణ చేశారు.

ఇక్కడ ఒక తార్కిక విషయం గమనార్హం. కార్సినోమా ఇన్ సిటుతో మొదలైన స్త్రీకి తరువాత క్యాన్సర్ కనబడినప్పుడు, మొదటినుంచీ అది ఉండి ఉంటుందని, తొలి పరీక్షలో తప్పిపోయిందని గ్రీన్ వాదించేవారు. పాత స్లైడ్లను తిరిగి చూపించి వర్గీకరణ మార్పించిన సందర్భాలు కూడా తరువాతి విచారణలో వెల్లడయ్యాయి. ఈ వాదన ప్రకారం క్యాన్సర్‌గా మారిన ప్రతి కేసూ లెక్కలోంచి బయటికి పోతుంది. మారనివి మాత్రమే లోపల మిగులుతాయి. అలాంటి సిద్ధాంతాన్ని ఏ సాక్ష్యమూ ఖండించలేదు.

1984 వ్యాసం: రెండు వర్గాల చిక్కు

మెకిండో, మెక్లీన్, రాన్ జోన్స్, పి.ఆర్. ముల్లిన్స్ కలిసి 1984లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో వ్యాసం ప్రచురించారు. 5 నుంచి 28 ఏళ్ల పాటు పరిశీలనలో ఉన్న 948 మంది స్త్రీల వివరాలవి. రోగనిర్ధారణ తరువాత రెండేళ్లకు స్మియర్ సాధారణంగా ఉన్న 817 మందిలో 12 మందికి, అంటే 1.5 శాతానికి క్యాన్సర్ వచ్చింది. స్మియర్ ఇంకా అసాధారణంగానే కొనసాగిన 131 మందిలో 29 మందికి, అంటే 22 శాతానికి వచ్చింది.

ఈ విభజన చికిత్సను బట్టి చేసినది కాదు, స్మియర్ ఫలితాన్ని బట్టి చేసినది. కోన్ బయాప్సీ గానీ గర్భసంచి తొలగింపు గానీ జరిగినవారు రెండు వర్గాలలోనూ ఉన్నారు. 1987 జూన్‌లో ‘మెట్రో’ పత్రికలో శాండ్రా కోనీ, ఫిలిడా బంకిల్ రాసిన సంచలన కథనం ఈ వర్గాలను చికిత్స పొందినవారు, పొందనివారు అన్న అర్థం వచ్చేలా చదివింది. ఆ కథనం శీర్షికలోని ‘దురదృష్టకరమైన ప్రయోగం’ అనే మాట అంతకుముందు ఏడాది ఒటాగో విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ స్కెగ్ రాసిన లేఖలోనిది. ‘రూత్’ అనే మారుపేరుతో అందులో కనిపించే స్త్రీ తన వైద్య రికార్డును తానే చదివేదాకా తన స్థితి ఏమిటో ఆమెకు తెలియదు.

కథనంపై వెంటనే విచారణ ఏర్పాటైంది. న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ 1988 ఆగస్టులో నివేదిక సమర్పించారు. 1990లో జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం, 1994లో ఆరోగ్య, వైకల్య కమిషనర్ చట్టం, 1996లో రోగుల హక్కుల నియమావళి ఆ నివేదిక వెంట వచ్చాయి.

చరిత్రకారిణి లిండా బ్రైడర్ 2009లో వెలువరించిన గ్రంథంలో ఈ మొత్తాన్ని తిరగదోడారు. గ్రీన్ చేసినది ప్రయోగం కాదని, నాటి అంతర్జాతీయ చర్చలో ఒక సంయమన ధోరణి మాత్రమేనని ఆమె వాదం. 1984 నాటి వర్గాలను పత్రిక తప్పుగా చదివిందన్న విషయంలో ఆమె పట్టు గట్టిదే. కానీ ఆ తప్పును సరిదిద్దినంత మాత్రాన 1966 ప్రతిపాదనలో రాసి ఉన్న మాటలు చెరిగిపోవు. పైగా ఆ అభ్యంతరానికి జవాబు అప్పటికే, 2008 అధ్యయనంలో వచ్చి ఉంది. 1955–76 మధ్య ఆ ఆసుపత్రిలో సి.ఐ.ఎన్.-3 నిర్ధారణ అయిన స్త్రీల రికార్డులను మెక్రెడీ బృందం తిరిగి తెరిచి, ఈసారి స్మియర్ ఫలితాన్ని కాక అందిన చికిత్సనే ప్రమాణంగా తీసుకుంది. 31.3, 0.7 అన్న అంకెలు ఆ పునర్విభజన ఫలితాలు. మొదటి వర్గీకరణపై వచ్చిన విమర్శ సరైనదే అయినా, దానిని సరిచేసి చూసినప్పుడు తేడా తగ్గకపోగా మరింత స్పష్టమైంది.

చికిత్స తరువాతి కాలం

0.7 శాతం అన్న అంకె చూసి, చికిత్స జరిగితే కథ ముగిసినట్లేనని అనుకునే వీలుంది. స్వీడన్ రికార్డులు ఈ ఊరటను కొంత సవరించాయి. అక్కడ 1947 నుంచి ప్రతి పౌరునికీ వ్యక్తిగత గుర్తింపు సంఖ్య ఉంది. 1958లో మొదలైన జాతీయ క్యాన్సర్ రిజిస్టరు ఈ పూర్వస్థితిని కూడా నమోదు చేస్తుంది. బ్యోర్న్ స్ట్రాండర్ బృందం 2007లో 1,32,493 మంది స్త్రీల వివరాలు ప్రచురించింది. చికిత్స పొందినవారిలో తరువాత ముఖద్వార క్యాన్సర్ సాధారణ జనాభాలో కంటే 2.34 రెట్లు, యోని క్యాన్సర్ 6.82 రెట్లు ఎక్కువగా కనిపించాయి. ఈ అదనపు ముప్పు పాతికేళ్ల తరువాత కూడా పూర్తిగా పోలేదు. అదే బృందం 2014లో 1,50,883 మందితో చేసిన అధ్యయనం, 60 ఏళ్లు దాటాక ఈ ముప్పు మరింత వేగంగా పెరుగుతుందని చూపింది. పెక్కు దేశాలలో స్క్రీనింగ్ ఆపివేసే వయస్సు దాదాపు అదే.

ఈ రెట్లను సరిగా అర్థం చేసుకోవాలి. యోని క్యాన్సర్ సామాన్యంగా అరుదు కాబట్టి, దాదాపు ఏడు రెట్లు అన్నా చాలామంది స్త్రీలకు అది రాదు. చికిత్స వల్ల ముప్పు భారీగా తగ్గుతుందన్నది ఆక్లండ్ పాఠం. తగ్గిన ముప్పు సున్నా కాదన్నది స్వీడన్ పాఠం. ముఖద్వారంలో ఆ మార్పుకు కారణమైన హ్యూమన్ పాపిలోమా వైరస్ చుట్టుపక్కల కణజాలానికీ సోకగలదు. కోసి తీసివేసిన భాగంతోనే ఆ సోకుడు పోవాలన్న నియమం లేదు. 1983లో హరాల్డ్ త్సుర్ హౌసెన్ బృందం హెచ్.పి.వి.-16ను గుర్తించేదాకా ఈ వివరణకు ఆధారమే లేదు. గ్రీన్ పదవీవిరమణ అప్పటికి పూర్తయింది.

భారతదేశ సందర్భం

ఆక్లండ్ ఉదంతానికి సమాంతరం ఢిల్లీలో ఉంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 1976లో మొదలై 1988 దాకా సాగిన అధ్యయనంలో ముఖద్వార కణమార్పులున్న 1,158 మంది స్త్రీలను, వ్యాధి ఎలా ముదురుతుందో తెలుసుకునేందుకు చికిత్స చేయకుండా పరిశీలించారు. 1997లో ఈ విషయం ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో వార్తగా వచ్చింది. వారిలో తొమ్మిదిమందికి వ్యాధి చొచ్చుకుపోయే క్యాన్సర్‌గా మారింది. మరో 62 మందికి స్థానికంగా క్యాన్సర్ ఏర్పడిన తరువాతే చికిత్స అందింది. మానవులపై పరిశోధనకు సంబంధించిన నైతిక విధాన ప్రకటనను అదే మండలి 1980లో, అంటే అధ్యయనం నడుస్తుండగానే, విడుదల చేసింది. న్యూజీలాండ్‌లో ఒక పత్రికా కథనం నెలల్లో న్యాయ విచారణకు దారితీసింది. ఢిల్లీ వార్త ఆ స్థాయి విచారణను తేలేకపోయింది. తెలుగు పాఠకులకు ఈ సందర్భంలో 2009 నాటి ఖమ్మం జిల్లా హెచ్.పి.వి. టీకా వివాదం గుర్తుకు రావచ్చు. అది బాలికలకు వేసిన టీకాకు, వసతిగృహాలలో తీసుకున్న సమ్మతికి సంబంధించినది; ఇక్కడి ప్రశ్నతో దానిని కలపడం సరికాదు.

ఇక్కడి ప్రశ్న రికార్డుది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30–49 ఏళ్ల భారతీయ స్త్రీలలో ఎప్పుడైనా ఒక్కసారి ముఖద్వార పరీక్ష చేయించుకున్నవారు రెండు శాతం కూడా లేరు. 2016లో కేంద్రప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలు 30 నుంచి 65 ఏళ్ల వారికి అయిదేళ్లకొకసారి ఆమ్లద్రావణంతో పరీక్ష చేయాలని సూచించాయి. ఆ పరీక్షలో మార్పు బయటపడి 35వ ఏట చికిత్స పొందిన స్త్రీకి, ఆక్లండ్ లెక్క కొలిచిన ముప్పయ్యో ఏడు వచ్చేసరికి 65 నిండుతాయి. స్వీడన్‌లో ముప్పు పెరగడం కనిపించిన వయస్సులోనే ఆమె పరీక్షల జాబితా నుంచి తప్పుకుంటుంది. ఆ నాటికి ఆమె చికిత్స జరిగిన ఊళ్లో ఉండకపోవచ్చు. చికిత్స చేసిన వైద్యుడు బదిలీ అయి ఉంటాడు. ముప్పయి ఏళ్ల కిందటి చీటీ ఆమె చేతిలో ఉంటే తప్ప, కొత్త వైద్యునికి ఆ సంగతి తెలిసే దారి మరొకటి కనిపించదు.