గల్లాపెట్టె పక్కన డబ్బా

గుంటూరు బ్రాడీపేటలో ఇల్లు చెప్పాలంటే రెండు అంకెలు చాలు. 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. లైనూ అడ్డరోడ్డూ కలిసే మూలల్లో ఒక కిరాణా కొట్టో, మందుల షాపో, జిరాక్సు సెంటరో ఉంటుంది. మా పేట గొప్ప చెప్పేటప్పుడు అందరూ ప్లీడర్లనీ డాక్టర్లనీ తలుచుకుంటారు. చందా పుస్తకం పట్టుకుని ఎవరు బయల్దేరినా ముందు ఎక్కేది మాత్రం ఈ మూల కొట్ల గడపే. తుపాను బాధితులకైనా, వినాయక చవితి పందిరికైనా, జవాన్ల కుటుంబాలకైనా అంతే.

జవాన్ల చందాకి ఒక రోజుంది. 1949 ఆగస్టు 28న రక్షణ మంత్రి ఆధ్వర్యంలోని కమిటీ ఏటా డిసెంబరు 7న పతాక దినం జరపాలని తీర్మానించింది. ఆ రోజున ఎన్.సి.సి. పిల్లలు డబ్బాలు పట్టుకుని కొట్లకి వస్తారు. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం పట్టీల చిన్న కాగితం జెండా ఇస్తారు. ఆ మూడూ సైన్యం, నౌకాదళం, వాయుసేన. కొట్టాయన గల్లాలోంచి నోటు తీసి వేస్తాడు. చిల్లర తీసుకుంటున్నవాళ్ళు కూడా మారు మాట్లాడకుండా అందులోనే వేస్తారు.

యుద్ధం పేరుతో వసూళ్ళు గుంటూరుకి అంతకుముందే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు గవర్నరు పేరిట నిధి నడిచింది. బ్రిటిష్ వాయుసేనలో 79వ స్క్వాడ్రన్‌కి మద్రాసు ప్రెసిడెన్సీ పేరు వచ్చింది కూడా ఆ ప్రెసిడెన్సీ నుంచి వెళ్ళిన విరాళాల వల్లే. అదే సమయంలో, 1940లో, గాంధీగారి వ్యక్తి సత్యాగ్రహం ఆ యుద్ధానికి మనిషినీ ఇవ్వొద్దు, డబ్బూ ఇవ్వొద్దు అంది. 1921-22లో పెదనందిపాడు ఫిర్కాలో పన్ను కట్టం పొమ్మన్న జిల్లా మాది. దొరలకిచ్చిన చందాలో ఇష్టం కన్నా మొహమాటం, భయం పాలే ఎక్కువని నా నమ్మకం.

స్వతంత్రం వచ్చాక ఇచ్చే చెయ్యి మారింది. 1962లో చైనా యుద్ధానికి జాతీయ రక్షణ నిధి పెడితే దేశమంతటా ఆడవాళ్ళు బంగారం తీసి ఇచ్చారు. 1965 యుద్ధమప్పుడు మా జిల్లా చిర్రావూరు ఆడపడుచు, నటి సావిత్రి, తన నగలు ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి అప్పగించింది. ఆ మాట ఇప్పటికీ ఇక్కడ ఇంటి పిల్ల సంగతిలా చెప్పుకుంటారు.

ఆ బంగారం యుద్ధం నడవడానికి. పతాక దినం డబ్బు దారి వేరు, దాని గురించే నేను చెప్పదలుచుకున్నాను. జవానుకి పింఛను రావాలంటే 15 ఏళ్ళ సర్వీసు ఉండాలి. ఆలోపే బయటికొచ్చి, 65 దాటి, ఏ ఆధారమూ లేనివాళ్ళకి పతాక దినం నిధిలోంచి నెలకి 4,000 రూపాయలు ఇచ్చేవారు. 2025 నవంబరు 1 నుంచి అది 8,000 అయింది. హవల్దారు హోదా వరకు పనిచేసినవాళ్ళ పిల్లల్లో ఇద్దరికి చదువు సాయం నెలకి 1,000 నుంచి 2,000కి, ఆడపిల్ల పెళ్ళికిచ్చేది 50,000 నుంచి లక్షకి పెరిగాయి. పెళ్ళి సాయం భర్త పోయినావిడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నా వస్తుంది. వితంతు వివాహాలు జరిపించి, 1922లో ఆడవాళ్ళ చదువు కోసం శారదా నికేతనం పెట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతుల ఊళ్ళో ఈ ఒక్క నిబంధన కోసమైనా ఆ డబ్బా నిండాలి.

2025 మేలో గోరంట్ల మండలం కల్లి తండా కుర్రాడు, జవాను మురళీ నాయక్ సరిహద్దులో చనిపోతే రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు ప్రకటించింది. ఇవ్వవలసిందే. కానీ ఎప్పుడో ముప్పై ఏళ్ళ కింద కొడుకునో భర్తనో పోగొట్టుకున్న ఇంటికి టీవీ కెమెరాలు రావు. సైన్యంలో పదేళ్ళు చేసి, జబ్బుతో ఊరు చేరి, మిరప కల్లంలో కూలికి పోయే మనిషి పేరు ఏ పత్రికలోనూ పడదు. పైగా ఇప్పుడు సైన్యంలో అగ్నివీరులుగా చేరినవాళ్ళలో ఎక్కువమంది నాలుగేళ్ళకే తిరిగొస్తారు. వాళ్ళకి పింఛను లేదు, మాజీ సైనికుల హోదా కూడా లేదు. వాళ్ళ సంగతి ప్రభుత్వమే తేల్చాలి. కొట్ల చందాతో తీరే లోటు కాదది.

కొట్ల వల్ల అయ్యేది మరొకటుంది. మా పేటలో కోచింగు పిల్లలూ, ఆసుపత్రులకొచ్చే పల్లెల జనమూ పొద్దస్తమానం కొట్లెక్కి దిగుతూనే ఉంటారు. ఇప్పుడు చాలామంది జేబులో చిల్లర ఉండటం లేదు, ఫోనుతోనే స్కాన్ చేస్తున్నారు. పిల్లలు డబ్బా తెచ్చే ఆ ఒక్క రోజుతో సరిపెట్టకుండా, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళని అడిగి, నిధి ఖాతా స్కానరు కాగితం తెచ్చి గల్లాపెట్టె పక్కన ఏడాది పొడుగునా అంటించమని మా లైను కొట్లవాళ్ళని అడుగుతున్నాను. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఇచ్చిన డబ్బుకి ఆదాయపన్ను మినహాయింపు కూడా ఉంది. రసీదు అడిగి తీసుకోండి.