వంశధార తొలియూటలు

శ్రీకాకుళపు చుట్టరికములు గల మనవారికి వంశధార క్రొత్త పేరు కాదు. కళింగపట్టణమువద్ద కడలి గలియు ఆ నదికి నియమగిరి ఊటలు నీరందించును. ఆ కొండనెత్తిమీది బాక్సైటు పొర వాననీటిని దాచుకొని వేసవిలో మెల్లగా విడుచును. దానిని త్రవ్వి లాంజిగఢ్ కర్మాగారమునకు తరలింపనెంచిరి. ఆ శిఖరము డోంగ్రియా కోందులకు నియమరాజు నివాసము, వారు సమ్మతింపలేదు.

2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, వారి ఆరాధనా హక్కుల మాట గ్రామసభలే తేల్చవలెననెను. ఆ జూలై, ఆగస్టులలో జిల్లా జడ్జీల సమక్షమున రాయగడలో 7, కలహండిలో 5, మొత్తము 12 గ్రామసభలును గని వలదని తీర్మానించినవి. 2014 జనవరిలో కేంద్రము అటవీ అనుమతి నిరాకరించెను. చిరకాలము ఫైళ్లు మోసిన గుమాస్తాను. పల్లె తీర్మానమింత బరువు తూగుట నే నెన్నడును చూచి యెరుగను.

కర్మాగారము మాత్రము వేఱుచోట్ల ఖనిజముతో కొండ క్రిందనే నడచుచున్నది. దాని ఎఱ్ఱబురద చెరువులు వంశధార చేరువనే కలవు.